పాత మైకుల జత: నోటుపుస్తకంలో కొన్ని పుటలు

జూన్ 9, 2024

మృగశిర కార్తె వచ్చింది. రాత్రి కురిసిన వానకు స్టూడియో వెనక గోడ చెమ్మగిల్లింది. పొద్దున ట్రాక్ పాడటానికి వచ్చిన అమ్మాయి రెండో చరణంలో ఉండగా హెడ్‌ఫోన్‌లో చిటపటలు మొదలయ్యాయి. కేబుల్ మార్చాను, ఛానల్ మార్చాను, తగ్గలేదు. మైకు మార్చాక తగ్గింది. పాత న్యూమన్ యు 87ల జతలో రెండోది అది. పోయిన వానాకాలం కూడా ఇలాగే చేసి, చలికాలం వచ్చేసరికి దానంతటదే సర్దుకుంది. అందుకే ఎవరం పట్టించుకోలేదు.

సాయంత్రం బాబు వచ్చాడు. వాళ్ల నాన్నగారు ఈ జతను మద్రాసు కోడంబాక్కంలో మూతపడ్డ ఒక రికార్డింగ్ థియేటర్ నుంచి కొని హైదరాబాదు తెచ్చుకున్నారు. ఇప్పుడు లెక్కలు చూసేది బాబే. "బాబాయ్, ఒకచోట అడిగాను. రెండూ పంపిస్తే కొత్త కాప్సూళ్లు వేసి, లోపల వోల్టేజ్ కన్వర్టర్ పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, కొత్త మైకుల్లా చేసి ఇస్తారట. ఒక్క కొత్త మైకు ధరలో సగం కూడా అవదు. లేదంటే ఇవి అమ్మేసి కొత్తవే కొనేద్దాం. శ్రావణంలో వీణ ఆల్బమ్ మొదలయ్యేలోగా మీరే తేల్చండి" అన్నాడు.

అతను అడిగిందాంట్లో తప్పు లేదు. డబ్బు అతనిది, సెషన్ మధ్యలో మైకు చిటపటలాడితే మాట పడేదీ అతనే. కాకపోతే ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీశాక, శబ్దాన్ని పట్టే కాప్సూల్ మార్చాక వెనక్కి రావడం ఉండదు. అందుకని తొందరపడదలచుకోలేదు. చూసింది చూసినట్టు ఇక్కడ రాసుకుంటూ పోతాను.

జూన్ 12

మైకు విప్పే ముందు దానికి అందే వోల్టేజ్ చూడాలి. పాత 87 విషయంలో ఇది మరీ ముఖ్యం. 1986లో వచ్చిన యు 87 ఏఐలో ఫాంటమ్ (మైకు కేబుల్ మీదే కన్సోల్ పంపే వోల్టేజ్) కాస్త అటూఇటూ అయినా, కాప్సూల్‌కు కావలసిన వోల్టేజ్‌ను లోపలి కన్వర్టర్ తయారుచేసుకుంటుంది. 1967 నాటి పాత రకానికి ఆ ఏర్పాటు లేదు. ఫాంటమ్‌లో ఎంత వస్తే అదే కాప్సూల్ మీదికి వెళ్తుంది. కన్సోల్‌లో 48 వోల్టులు బయలుదేరి, రెండు 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు దాటి మైకు చేరేసరికి 46 దాకా తగ్గుతుంది. అసలు సరఫరాలోనే తగ్గితే మైకు గొంతు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

మల్టీమీటర్ పెట్టి కన్సోల్ సరఫరా కొలిచాను. 42 ఉంది. అంటే 1 డెసిబెల్‌కు పైగా అక్కడే పోయింది. వినడానికి చిన్న అంకే, కానీ "పాత మైకులు నీరసపడ్డాయి" అని రెండేళ్లుగా మేమందరం అంటున్న మాటలో కొంత వాటా ఈ పవర్ సప్లైది. అందులో ఉబ్బిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లు మార్చడానికి పురమాయించాను. ఆ ఖర్చు మైకుల పద్దులో రాయకూడదు.

ఈ 48 అనే అంకె వెనక కథ నాకు చాలా ఇష్టం. 1966లో న్యూమన్‌వాళ్లు ట్రాన్సిస్టర్ మైకులు పట్టుకుని నార్వే రేడియోకు వెళ్లారు. అక్కడ శీతాకాలంలో పగటి వెలుతురు బహు తక్కువ, అందుకని స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. మైకులకూ అదే వాడదామన్నారు. అలా కెఎమ్ 84 పుట్టింది. ఆ దీపాల వోల్టేజే ఇవాళ కృష్ణానగర్ సందుల్లోని చిన్న స్టూడియోల్లో కూడా ఒక మీట నొక్కితే వస్తోంది.

జూన్ 13

రెండో మైకు విప్పాను. ముందు ఏసీ వేసి గది ఆరబెట్టి, ఫ్యాన్ ఆపి, చేతులు కడుక్కుని కూర్చున్నాను.

కాప్సూల్‌ను ఒక మైకు నుంచి తీసి ఇంకోదానిలో పెట్టి చూడటం పాత పరీక్ష. మొదటిదాని కాప్సూల్ రెండోదాని ఒంట్లో పెట్టినా చిటపటలు అలాగే ఉన్నాయి. రెండోదాని కాప్సూల్ మొదటిదాంట్లో పెడితే చిటపట లేదు. అంటే జబ్బు కాప్సూల్‌ది కాదు, కిందనున్న సర్క్యూట్‌ది. "కాప్సూల్ పోయింది, కొత్తది వేయాలి" అని బాబు అడిగినచోట చూడకుండానే చెప్పిన మాట ఇక్కడే వీగిపోయింది. అయితే ఈ పరీక్షలో ఇంకో సంగతి కూడా బయటపడింది. రెండోదాని కాప్సూల్ ఏ ఒంట్లో ఉన్నా పై స్వరాలు మందంగా వినిపించాయి. దాని గురించి తర్వాత.

ఇక చిటపట. కాప్సూల్‌లో నిలిచే విద్యుత్తు అత్యల్పం, దాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి లోపల గిగా ఓమ్ రెసిస్టర్లు ఉంటాయి. వంద కోట్ల ఓమ్‌లు అంటే దాదాపు తెగిన తీగతో సమానం. అటువంటి చోట బోర్డు మీద వేలిముద్రంత జిడ్డు, దాని మీద ధూళి, పైన వానాకాలపు తేమ చేరితే చాలు, విద్యుత్తు పక్కదారి పట్టి కారిపోతుంది. అది ఒక్క తీరుగా కారదు, ఉండుండి కారుతుంది. అదే హెడ్‌ఫోన్‌లో చిటపట. చలికాలంలో తగ్గడానికీ ఇదే కారణం. మద్రాసు ఉప్పుగాలిలో ఇన్నేళ్లున్న మైకుకు హైదరాబాదు వాన కొత్త శత్రువేమీ కాదు.

మైకు ఏ దిక్కు నుంచి వినాలో మార్చే పాటర్న్ స్విచ్ చుట్టూ పసుపుపచ్చని మరక. ఎవరో ఏనాడో సోల్డర్ చేసి ఫ్లక్స్ తుడవకుండా వదిలేశారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి కుంచెతో స్విచ్, ఇన్సులేటర్లు, బోర్డు ఆ భాగమంతా కడిగి రాత్రంతా ఆరబెట్టాను. బ్యాటరీ గదిలో తుప్పు గీకాను. ఫాంటమ్ లేనిచోట వాడుకోవడానికి ఈ మైకులో రెండు 22.5 వోల్టుల బ్యాటరీలు పట్టే అర ఉంది. కాప్సూల్ 46 వోల్టులతో ఎందుకు సరిపెట్టుకుంటుందో ఆ అర చూస్తే తెలుస్తుంది. రెండూ కలిపితే 45.

జూన్ 14

చిటపట లేదు. వేడినీళ్ల గిన్నె పక్కన పెట్టి బూత్ తలుపు మూసి చూశాను. అప్పుడూ లేదు.

జూన్ 16

ఆదివారం. ఈ మైకును మార్చమంటున్న ప్రతి భాగమూ మొదట ఎందుకు అలా ఉందో రాసుకోవాలి. కారణం తెలియకుండా తీసేయడం నాకు ఒప్పదు.

1960లో న్యూమన్ యు 67 తెచ్చింది. దాని ముందటి యు 47లో వాడిన టెలిఫుంకెన్ వీఎఫ్ 14 అనే ట్యూబ్ తయారీ ఆగిపోవడంతో కొత్త మైకు అవసరమైంది. 67 లోపల ఈఎఫ్ 86 ట్యూబ్, కొత్త కాప్సూల్ కె 67. ఆ కాప్సూల్ స్వభావం ఏమిటంటే పై స్వరాలను కావాలనే ఎక్కువగా పట్టుకుంటుంది. సర్క్యూట్ ఆ ఎక్కువను ఫీడ్‌బ్యాక్‌తో తగ్గించి సమం చేస్తుంది. కాప్సూల్, సర్క్యూట్ రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినవి. ఇవాళ చవకగా దొరికే మైకులు చాలావాటిలో కె 67 నమూనా కాప్సూల్ ఉంటుంది, దాన్ని తగ్గించే సర్క్యూట్ ఉండదు. అందుకే వాటిలో 'స', 'శ' చెవిలో గుచ్చుకుంటాయి. ఎవరైనా 87ను "ఇంకా తేటగా" చేస్తామని ఆ తగ్గింపును తీసేస్తే జరిగేదీ అదే.

1967 నాటి 87లో ట్యూబ్ పోయి ట్రాన్సిస్టర్ వచ్చింది. కాప్సూల్ రూపం అదే గానీ ఒక తేడా ఉంది. వెనక పలకలు రెండూ విద్యుత్తు పరంగా వేరువేరు. 48 వోల్టుల సరఫరా ఒక్కదానితోనే మూడు పాటర్న్‌లు తేవాలి కాబట్టి పలకలను విడదీసి స్విచ్‌తో కలపాల్సి వచ్చింది. ఏఐలో కన్వర్టర్ ఉండటం వల్ల ఆ అవసరం లేకపోయింది. కాబట్టి పాతదాంట్లో "కొత్త కాప్సూల్ వేస్తాం" అనేవాళ్లు ఏ కాప్సూల్ వేస్తారు, స్విచ్ వైరింగ్ ఏం చేస్తారు అని అడగాలి. బాబు ఆ ప్రశ్న ఫోనులో అడిగాడు. "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నారట. కాప్సూల్ పేరు చెప్పలేదు.

జూన్ 23

వినే రోజు. పక్క వీధి స్టూడియోవాళ్ల యు 87 ఏఐ ఒక పూటకు అరువు తెచ్చాను. మా జతలో మొదటిదాన్ని, ఏఐని ఒకే స్టాండ్ బార్ మీద పక్కపక్కన పెట్టి, లెవెల్ సమం చేసి, ఏది ఏదో బాబుకు చెప్పకుండా వినిపించాను.

ముందు గొంతు. అమ్మాయి అన్నమయ్య కీర్తన పాడింది, మైకుకు జానెడు దూరంలో. ఏఐలో గొంతు ముందుకొచ్చింది, ప్రతి ఊపిరీ తెలిసింది. సినిమా పాటలో ముప్పై వాద్యాల మధ్య నిలబడాలంటే అది మంచిదే. కానీ కీర్తనకు తంబుర, వీణ, గొంతు, అంతే. అక్కడ పాత మైకులో గొంతు నిండుగా, కుదురుగా ఉంది. నాకు తేడా బాగా తెలిసింది చకారంలో. మన 'చాలు'లోని దంత్య చకారానికి, 'చెలి'లోని తాలవ్య చకారానికి మధ్య ఉన్న సన్నని తేడా పాత మైకులో చక్కగా విడిపడి వినిపించింది. ఏఐలో రెండూ ఒకే మెరుపులో కలిసిపోయాయి. ఈక్యూతో తగ్గించి చూశాను. మెరుపు తగ్గింది, ఊపిరి కూడా తగ్గింది, చకారాలు విడిపడలేదు. బాబు కళ్లు మూసుకుని విని పాతదాన్నే ఎంచుకున్నాడు.

తర్వాత వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన ఏకాండి వీణ, ఒకే పనస దుంగలోంచి తొలిచింది. వాయించే ఆవిడ పెద్దావిడ, మీటు మహా మెత్తన. ఇక్కడ పాత మైకు ఓడిపోయింది. ఆలాపనలో గమకం చివర నాదం సన్నగిల్లే చోట సుయ్యిమనే శబ్దం తేలిపోయింది.

లెక్క వేస్తే ఆశ్చర్యం లేదు. పాత 87 సున్నితత్వం ఒక పాస్కల్‌కు 8 మిల్లీవోల్టులు. ఏఐది 28. మైకు దగ్గర వీణ 60 డెసిబెల్స్ ఉందనుకుంటే ఒత్తిడి 0.02 పాస్కల్. పాతది ఇచ్చేది 0.16 మిల్లీవోల్టు, ఏఐ ఇచ్చేది 0.56. పాతదానికి ప్రీఆంప్‌ను ఇంకో 11 డెసిబెల్స్ దాకా పైకి తిప్పాలి. తిప్పితే ప్రీఆంప్ సొంత సుయ్యి కూడా పైకొస్తుంది. గొంతుకు ఇది పట్టదు. అంత దగ్గర పాడే గొంతు ముందు ఈ సుయ్యి ఎక్కడా వినపడదు. ఆలాపన వీణకు మాత్రం పడుతుంది.

ఆవిడ హెడ్‌ఫోన్ తీసి, "నాయనా, నా వీణ వెనకాల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు" అన్నారు. చెవి అంటే అది.

జూన్ 24

నిన్నటి దానితో ప్రశ్న మారింది. "పాత మైకు మంచిదా చెడ్డదా" అన్నది వదిలేయాలి. మా దగ్గర రెండు పనులున్నాయి, ఒకదానికి సరిపోయే మైకు ఉంది, రెండోదానికి లేదు.

జూలై 1

పవర్ సప్లై బాగై వచ్చింది. 48 నికరంగా ఉంది.

మైకులను మార్పించాలన్న వాదాన్ని దాని బలమైన రూపంలోనే రాసుకుంటాను. కన్వర్టర్ పెడితే కాప్సూల్ మీద వోల్టేజ్ 46 నుంచి 60కి పెరుగుతుంది. నిజమే. దానివల్ల సున్నితత్వం ఎంత పెరుగుతుంది? 2.3 డెసిబెల్స్. మిగతాదంతా ఆంప్లిఫయర్ నుంచి రావాలి. ఆంప్లిఫయర్ పెంచితే మైకు సొంత సుయ్యి కూడా దాంతోపాటే పెరుగుతుంది, తగ్గేది ప్రీఆంప్ వాటా ఒక్కటే. "10 డెసిబెల్స్ ఎక్కువ వస్తుంది" అన్న వాళ్ల మాట, "10 డెసిబెల్స్ నిశ్శబ్దం వస్తుంది" అన్నట్టు వినిపిస్తోంది బాబుకు. అవి రెండూ వేరు.

పైగా వోల్టేజ్ పెరిగితే డయాఫ్రమ్‌ను వెనక పలక తనవైపు లాగే బలం పెరుగుతుంది. బంగారు పూత పూసిన ఆ ప్లాస్టిక్ పొర మైక్రాన్లలో కొలిచేంత పలుచన. నలభై ఏళ్లకు పైగా 46 వోల్టుల లాగుడుకు అలవాటుపడి ఉంది. ఇప్పుడు 60 మోపితే ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వరు.

ట్రాన్స్‌ఫార్మర్ తీసేయడం సంగతి. తీసేస్తే కింది స్వరాలు ఇంకా లోతుకు, ఇంకా శుభ్రంగా వస్తాయి. అందులో సందేహం లేదు. డప్పుకో డోలుకో అది లాభమే. కానీ ఆ పనికి మేము ఈ మైకులు వాడం.

మైకులు మార్చడం మహా విద్య కాదని నేను అనను. లాస్ ఏంజెలెస్‌లో స్టీఫెన్ పాల్ అనే ఆయన ఇటువంటి కాప్సూళ్లకు ఫ్యాక్టరీ కూడా వేయనంత పలుచని డయాఫ్రమ్‌లు వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన చేతి మైకుల్ని ఇప్పటికీ వెతుక్కుంటారు. అయితే ఆయన లేడు. ఒక మనిషి చేతి మహిమ మీద నిలబడ్డ మైకు పాడైతే దాన్ని మళ్లీ ఆ స్థితికి తేవడానికి ఆ మనిషే కావాలి. ఫ్యాక్టరీ సర్క్యూట్ అలా కాదు. కాగితం మీద బొమ్మ ఉంది, విలువలు ఉన్నాయి, నా తర్వాత వచ్చేవాడు కూడా చదివి బాగుచేయగలడు.

యు 47ల కథ కూడా ఇక్కడే రాసి పెట్టాలి. వీఎఫ్ 14 ట్యూబులు దొరక్కపోయేసరికి న్యూమనే స్వయంగా వాటి బదులు నువిస్టర్ అనే చిన్న ట్యూబ్ పెట్టుకునే ఏర్పాటు ఇచ్చింది. ఫ్యాక్టరీ చెప్పిన మార్పే. చాలామంది చేయించుకున్నారు. తర్వాత కాలంలో అదే మైకుల యజమానులు వీఎఫ్ 14ల కోసం ఊళ్లు తిరిగి, విడి ట్యూబ్‌కు ఒక మంచి మైకు ధర పెట్టి, వెనక్కి మార్పించుకున్నారు. తీసిన పాత భాగాన్ని దాచుకున్నవాడు బతికిపోయాడు. 2018లో అదే కంపెనీ యు 67ను పాత సర్క్యూట్‌తోనే మళ్లీ తయారుచేసి అమ్మకానికి పెట్టింది, 2022లో ఎమ్ 49ను. తయారుచేసినవాళ్లే తమ పాత నిర్ణయాల దగ్గరికి తిరిగి వచ్చారు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. బాబుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మరి వీణకు ఏం చేద్దాం బాబాయ్?" అన్నాడు. సరైన ప్రశ్న అదే.

జూలై 9

మా అల్మరాలో ఏకేజీ సి 414 ఈబీ ఒకటుంది. దాని గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ తలవలేదు. ఇవాళ విదేశం నుంచి ఫోన్. తెలుగాయనే, అక్కడ మైకులు కడతారట. మా దగ్గర ఈబీ ఉందని ఎవరి ద్వారానో విని, "కాప్సూల్ ఇత్తడి రింగుదా?" అని అడిగారు. అవునన్నాను. "మైకు మీరే ఉంచుకోండి సార్, కాప్సూల్ ఒక్కటి ఇస్తే చాలు" అని చెప్పిన ధర విన్నాక కాసేపు మాట రాలేదు. మొత్తం మైకుకే అంత రాదు.

కారణం తెలిసిందే. 1953లో వియన్నాలో ఏకేజీ సి 12 అనే ట్యూబ్ మైకు చేసింది. గొంతులకు అంతకు మించింది లేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. దాని ప్రాణం సీకే 12 అనే కాప్సూల్, ఇత్తడితో చేసింది, న్యూమన్‌లా నడిమధ్య స్క్రూ ఉండదు, తీగ అంచు నుంచే వస్తుంది. 1970లలో వచ్చిన మొదటి తరం 414లలో అదే కాప్సూల్ ఉండేది. తర్వాత ప్లాస్టిక్ రింగుతో వేరే కాప్సూల్ వచ్చింది. అందుకని ప్రపంచమంతా పాత ఈబీలను విప్పి, కాప్సూల్ తీసి, సి 12 నమూనా మైకుల్లో పెడుతున్నారు. మిగిలిన ఒళ్లు గుల్లగా పడి ఉంటాయి. వియన్నాలోని ఏకేజీ కార్యాలయం 2017లో మూతపడింది. అక్కడి నుంచి ఆ చేతులతో ఇంకోటి రాదు.

ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. ఆ కాప్సూల్‌ను ప్రేమించేవాడే. కానీ బాగా పనిచేస్తున్న ఒక మైకును చంపి ఇంకోటి కట్టడం నాకు అంగీకారం కాదు. నిరుడు ఇదే ఈబీ మీద వయొలిన్ తీశాం. దానికి ఏ లోటూ లేదు. ఇవ్వనని మర్యాదగా చెప్పాను. బాబుకు ఆ ధర కూడా చెప్పాను, దాచడం న్యాయం కాదు. అతను కాసేపు ఆలోచించి, "నాన్న ఉంటే ఇచ్చేవారా?" అన్నాడు. ఇవ్వరన్నాను. "అయితే వద్దు" అన్నాడు.

జూలై 17

తొలి ఏకాదశి. సెషన్లు లేవు. గది తుడిపించి, తడి ఆరాక, రెండో మైకు కాప్సూల్ సంగతి చూశాను.

దీపం వెలుగులో ముందు వైపు డయాఫ్రమ్ నడుమ మసక పొర కనిపించింది. నలభై ఏళ్ల ఊపిరి, ఉమ్మి తుంపర, పొగ. ఆ పొర బరువుకే పై స్వరాలు మందగించాయి. పూత చెక్కుచెదరలేదు. డిస్టిల్డ్ వాటర్‌తో, సన్నని కుంచెతో కడిగేవాళ్లున్నారు. నైపుణ్యం ఉన్నవాళ్లకు అది పనే. నా చేయి ఆ పనికి సరిపోదు, కుంచె మొన కాస్త గుచ్చుకుంటే అంతే సంగతులు. డయాఫ్రమ్ ఊడదీసి కొత్తది బిగించే రీస్కిన్ అంటే ఆ బిగింపులోనే శబ్దం మారుతుంది. అప్పుడు జతలో రెండూ రెండు రకాల మైకులవుతాయి, స్టీరియోకు పనికిరావు.

దీనికి రెండు వైపులా డయాఫ్రమ్‌లు ఉన్నాయి. వెనక వైపు దాని ముందు ఎవరూ పాడలేదు. అద్దంలా ఉంది. కాప్సూల్‌ను సగం చుట్టు తిప్పి, తీగలు అటువి ఇటు మార్చి బిగించాను. అంతే మార్పు. ఏ రోజు కావాలంటే ఆ రోజు మళ్లీ తిప్పుకోవచ్చు. ఏ తీగ ఎక్కడిదో బొమ్మ గీసి, ఫోటో తీసి, కాగితం మడిచి మైకు పెట్టెలో పెట్టాను.

సాయంత్రం జతగా విన్నాను, దినపత్రిక ఒకే దూరం నుంచి చదివి. మూడు పాటర్న్‌లూ చూశాను. పై స్వరాలు తిరిగి వచ్చాయి. మొదటిదానితో పోలిస్తే వెంట్రుకవాసి తేడా ఉందేమో, నా చెవికి అందలేదు.

జూలై 28

లాల్‌దర్వాజా బోనాలు. పాడే అమ్మాయిది పాతబస్తీ, ఇవాళ రానంది. కూర్చుని బాబుకు ఇవ్వాల్సిన కాగితం రాశాను.

వీణకు కొత్త మైకు కొనాలి. యు 87 ఏఐ కొనాలంటే మూడు లక్షలకు తక్కువ కాదు, అందులో సగం డబ్బు మాకు అక్కర్లేని పాటర్న్‌లకు పోతుంది. టీఎల్ఎమ్ 103 సరిపోతుంది. 1997 నుంచి వస్తోంది, ట్రాన్స్‌ఫార్మర్ లేనిది, ముందు వైపు వినే కార్డియాయిడ్ పాటర్న్ ఒక్కటే. సున్నితత్వం పాస్కల్‌కు 23 మిల్లీవోల్టులు. దాని సొంత సుయ్యి 7 డెసిబెల్స్ మాత్రమే, ఏఐదే 12. దాని పై స్వరాల మెరుపు గొంతుకు నాకు నచ్చదు. వీణకు మాత్రం తీగ మీద గోరు తగిలే చప్పుడు అందులో తేటగా వస్తుంది. ఏఐ ధరలో సగానికి లోపే.

రెండు పాత 87లను మార్పించడానికి అడిగిన మొత్తం దీనికి సుమారుగా సరిపోతుంది. ఆ డబ్బుతో రెండు మంచి మైకుల స్వభావం పోగొట్టుకునే బదులు, లేని మైకు ఒకటి తెచ్చుకుంటాం.

మైకులో చేయదగ్గ పనికి, చేయకూడని పనికి నేను పెట్టుకున్న హద్దు కూడా కాగితం కింద రాశాను. శుభ్రం చేయొచ్చు. చచ్చిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు అదే విలువది వేయొచ్చు. కాప్సూల్ తిప్పొచ్చు. తీగలు, స్విచ్ స్పర్శలు, కనెక్టర్ బాగుచేయొచ్చు. వాటిలో ఏదీ మైకును ఇంకో మైకుగా మార్చదు, అన్నీ వెనక్కి తీసుకోగలిగినవే. శబ్దం నచ్చలేదు కాబట్టి చేసే మార్పు మాత్రం వద్దు. నచ్చకపోతే ఇంకో మైకు పెట్టుకోవాలి. పాడైపోయి, అసలు భాగం ఎక్కడా దొరక్కపోతే అప్పుడు సంగతి వేరు. ఆ రోజు ఇంకా రాలేదు.

ఆగస్టు 3

బాబు సంతకం పెట్టాడు. "బాబాయ్, వానాకాలం మళ్లీ చిటపట అంటే?" అన్నాడు. అల్మరాలో సిలికా జెల్ డబ్బాలు పెట్టించాను, తేమ మీటరు కూడా. నీలం గుళికలు గులాబీ రంగుకు మారాయంటే పెనం మీద వేయించి మళ్లీ పెట్టాలి. సెషన్ అయ్యాక మైకు స్టాండ్ మీద వదలకూడదు. పాప్ ఫిల్టర్ లేకుండా ఎవరినీ పాడనివ్వకూడదు, ఎంత పెద్ద గాయకులైనా సరే.

నా తర్వాత ఈ అల్మరా తాళం తీసుకునేవారికి: రెండు 87లూ లోపల 1970ల నాటి అసలు సర్క్యూట్‌తోనే ఉన్నాయి. రెండోదాని కాప్సూల్ ముందు వెనక తిప్పి ఉంది, బొమ్మ పెట్టెలో ఉంది. ఏ భాగం మార్చినా తీసిన పాతదాన్ని కవరులో వేసి, తేదీ రాసి, అదే పెట్టెలో ఉంచండి. ఈబీ కాప్సూల్ విడిగా అమ్మకానికి లేదు. టీఎల్ఎమ్ 103కు సోమవారం ఆర్డర్ పెడుతున్నాను.